ఉద్యోగం, పిల్లలు, పొద్దున వంట: మీకు నిజంగా పనికొచ్చిన వస్తువులు ఏవి?

నల్లగొండ అమ్మ
నేను రోజూ సూర్యాపేటకు డ్యూటీకి వెళ్లొస్తాను. మా ఆయనది మార్కెటింగ్, వారంలో సగం రోజులు ఊళ్లో ఉండరు. పొద్దున ఏడున్నరకల్లా ఇద్దరు పిల్లల బాక్సులు, నా బాక్సు, టిఫిన్ అన్నీ అయిపోవాలి. ఇంట్లో మామూలు కుక్కర్, పాత మిక్సీ తప్ప ఏమీ లేవు. ఒక ఎనిమిది వేల దాకా పెట్టగలను. కరెంటు ప్రెషర్ కుక్కర్ కొనాలా, ఇండక్షన్ పొయ్యి కొనాలా, రోటీ మేకర్ కొనాలా? మన పప్పు, మన రొట్టె వండుకునేవాళ్లు వాడి చూసింది చెప్పండి.

ఇంకో సంగతి. మా ఇంట్లో కందిపప్పు ఎన్ని విజిల్స్ వచ్చినా పలుకుగానే ఉంటుంది. కుక్కర్ మార్చాలంటారా?

పాలమూరు అక్క
చెల్లె, జొన్న రొట్టె కోసమైతే రోటీ మేకర్ జోలికి పోకు. గోధుమ పిండిలో ఉండే జిగురు జొన్నలో ఉండదు. మూత వేసి నొక్కగానే అంచులు పగిలిపోతాయి.

మా మహబూబ్‌నగర్‌లో రాత్రికి రొట్టె లేకపోతే భోజనం చేసినట్టే ఉండదు. నేను చేసే పద్ధతి చెప్తాను. పిండి ఈ మధ్యే మర ఆడించిందై ఉండాలి, పాతబడితే జిగి పోతుంది. మసిలే నీళ్లు పోసి గరిటెతో కలిపి మూతపెట్టాలి. చెయ్యి ఓర్చుకునే వేడికి వచ్చాక మెత్తగా పిసకాలి. ఇక్కడ తొందరపడితే రొట్టె విరుగుతుంది. పూరీలు ఒత్తే ప్రెస్‌లో రెండు ప్లాస్టిక్ కాగితాల మధ్య ముద్ద పెట్టి ఒత్తితే, చేత్తో తట్టడం రానివాళ్లకు కూడా గుండ్రంగా వస్తుంది. పెనం మీద వేయగానే పైన తడిగుడ్డతో అద్ది, ఆ తడి ఆరాకే తిప్పాలి. ఈ ప్రెస్‌కు కరెంటూ అక్కర్లేదు, ధర కూడా తక్కువే.

డ్యూటీ ఆలస్యమైన రోజు రోడ్డు పక్కన వేడివేడిగా చేసి అమ్మే అక్కల దగ్గర కొనేస్తాను. దానికి మనసులో ఏమీ పెట్టుకోను. మనలాంటి ఆడవాళ్ల చేతి కష్టమే అది.

దేవరకొండ మాస్టారు
అమ్మా, కుక్కర్ మార్చకండి. ముందు నీళ్లు మార్చండి. వంటకు బోరు నీళ్లు వాడుతున్నారా? గట్టి నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం పప్పు గింజలోని పెక్టిన్ అనే జిగురు పదార్థంతో కలిసి దాన్ని గట్టిపరుస్తాయి. అందుకే ఎంతసేపు ఉడికించినా మెదగదు. చింతపండు, టమాట ముందే వేసినా ఇంతే, పులుపు పప్పును ఉడకనివ్వదు. ఏళ్ల తరబడి నిల్వ ఉన్న పప్పుదీ అదే సమస్య. మిషన్ భగీరథ పథకం కింద వచ్చే నల్లా నీళ్లలో అరగంట నానబెట్టి, అవే నీళ్లతో ఉడికించి చూడండి.

పప్పు కన్నా ముఖ్యమైనది బోరు నీళ్లలోని ఫ్లోరైడ్. మన జిల్లాలో మర్రిగూడ, మునుగోడు వైపు ఎంతమంది నడుములు వంగిపోయి, కాళ్లు వంకర్లుపోయి బతుకీడ్చారో కళ్లారా చూసినవాళ్లం. లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే దారి లేనప్పుడు 1.5 వరకు ఫర్వాలేదని మన దేశ ప్రమాణం. నీళ్లు మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరైన కొద్దీ మిగిలిన నీళ్లలో దాని మోతాదు ఇంకా పెరుగుతుంది. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్‌ను తీసే పద్ధతిని 1970లలో నాగపూర్‌లోని నీరి (NEERI) అనే పర్యావరణ పరిశోధన సంస్థ తయారుచేసింది. దానికి పేరే ‘నల్లగొండ టెక్నిక్’. తాగే నీళ్ల దగ్గర జాగ్రత్తపడి వంటకు బోరు నీళ్లు పోసేవాళ్లు చాలామంది. అన్నం, పప్పు పీల్చుకునేది ఆ నీళ్లనే కదా. ఎదిగే పిల్లలున్న ఇల్లు, దయచేసి ఈ ఒక్కటీ పట్టించుకోండి.

నల్లగొండ అమ్మ
అవును మాస్టారు, నల్లా నీళ్లు తాగడానికే పడుతున్నాం, వంటకు బోరే. రేపటి నుంచి ఇంకో డ్రమ్ము వంట కోసం పడతాను.

వనపర్తి కోడలు
మా ఇంట్లో కరెంటు ప్రెషర్ కుక్కర్ ఉంది. గ్యాస్ మీద కన్నా త్వరగా అవుతుందని మాత్రం అనుకోవద్దు. ప్రెషర్ రావడానికే పది పదిహేను నిమిషాలు పడుతుంది. కానీ దగ్గర నిలబడక్కర్లేదు, విజిల్స్ లెక్కపెట్టక్కర్లేదు, దానంతట అదే ఆగిపోతుంది. ఆ టైములో నేను పాపకు రెండు జడలు వేసి, యూనిఫాం ఇస్త్రీ చేసుకుంటాను. నాకు దొరికిన లాభం అదే, అది చిన్నదేం కాదు.

మాస్టారు చెప్పిన పులుపు సంగతి నిజం. పుంటికూర పప్పు చేసేటప్పుడు కూరను వేరే గిన్నెలో మగ్గించి, పప్పు మెదిపాక కలుపుతాను. రాత్రే పప్పు, నీళ్లు పోసి పొద్దుటికి టైమర్ పెట్టే పద్ధతి మన ఎండాకాలంలో వద్దు, పులిసిపోతుంది. నానబెట్టిన గిన్నె ఫ్రిజ్‌లో పెట్టి, లేవగానే కుక్కర్‌లో వేయడం మేలు.

సూర్యాపేట ఎలక్ట్రీషియన్
ఇండక్షన్ కొనేవాళ్లు ముందు వంటింటి ప్లగ్ చూసుకోండి. 2000 వాట్ల పొయ్యి దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. మిక్సీ పెట్టే చిన్న 6 ఆంపియర్ల సాకెట్‌లో పెడితే వేడెక్కి కాలిపోతుంది. 16 ఆంపియర్ల పెద్ద సాకెట్, దానికి తగ్గ మందం వైరు ఉండాలి. ఎక్స్‌టెన్షన్ బాక్సు మీద అసలే వద్దు. ఫుల్ మీద అరగంట వాడితే ఒక యూనిట్. గిన్నె అడుక్కి అయస్కాంతం అంటుకోవాలి, మామూలు అల్యూమినియం కుక్కర్ దాని మీద పనిచేయదు. కరెంటు పోతే ఇళ్లలో ఉండే మామూలు ఇన్వర్టర్ దాన్ని లాగలేదు. కాబట్టి గ్యాస్ పొయ్యికి తోడుగా పెట్టుకోండి, దాన్ని తీసేసి కాదు.

మిర్యాలగూడ నాన్న
మా ఆవిడ నర్సు. నైట్ డ్యూటీలున్న వారం వంట నాదే. నా ఓటు మామూలు రైస్ కుక్కర్‌కే. స్విచ్ వేసి వదిలేస్తే అన్నం అవుతుంది, గ్యాస్ పొయ్యి రెండు బర్నర్లూ కూరలకు ఖాళీగా ఉంటాయి.

నీళ్ల కొలత బియ్యాన్ని బట్టి మార్చుకోవాలి. పాత సన్నబియ్యానికి గ్లాసుకు రెండున్నర గ్లాసులు పోస్తాను, కొత్త బియ్యానికి రెండు కూడా ఎక్కువే. 2025 ఉగాది నుంచి రేషన్‌లో సన్నబియ్యం వస్తున్నాయి కదా, ముద్దవుతున్నాయని కొందరు అంటున్నారు. కొత్తవైతే నీళ్లు తగ్గించి చూడండి, పొడిపొడిగా వస్తుంది.

రాత్రి మిగిలిన అన్నం తెల్లారేదాకా బయట ఉంచి బాక్సుల్లో పెట్టొద్దు. ఉడికినా చావని ఒక రకం బ్యాక్టీరియా బియ్యంలో ఉంటుంది. అది విడిచే విషం మళ్లీ వేడి చేసినా పోదు. ఆరగానే ఫ్రిజ్‌లో పెట్టి, పొద్దున పులిహోర కలిపేయండి.

పాలమూరు అక్క
మిక్సీ కూడా అప్పుడే మార్చకు చెల్లె. జారు తిరగకుండా బర్రుమంటే చాలాసార్లు కింద ఉండే రబ్బరు కప్లరే అరిగి ఉంటుంది, తక్కువలో అయిపోతుంది. మొత్తానికే ఆగిపోతే మిక్సీ అడుగున ఎర్ర బటన్ ఉందేమో చూడు. వేడెక్కితే అది బయటికి వస్తుంది. కాసేపు ఆరనిచ్చి లోపలికి నొక్కితే మళ్లీ తిరుగుతుంది.

నల్లగొండ అమ్మ
అందరికీ చాలా థ్యాంక్స్. రొట్టెల ప్రెస్, రైస్ కుక్కర్ తీసుకుంటాను. సాకెట్ మార్పించాక ఇండక్షన్ సంగతి చూస్తాను. మిర్యాలగూడ అన్నా, నలుగురికి ఎంత సైజు సరిపోతుంది?

మిర్యాలగూడ నాన్న
1.8 లీటర్లది తీసుకోమ్మా, చుట్టాలొచ్చినా సరిపోతుంది. లోపలి గిన్నెలు రెండు ఇచ్చే మోడల్ చూడండి. ఒకదాంట్లో అన్నం ఉండగానే రెండోదాంట్లో పొద్దుటికి బియ్యం కడిగి ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు.