18 నిండబోతున్న కుర్రాడు, బుధవారానికే ఖాళీ అయ్యే జేబు

రాత్రిడ్యూటీ: ఒంటరిగా దేశం దాటొచ్చిన పిల్లలు ఉండే గ్రూప్ హోమ్‌లో పనిచేస్తున్నాను. ఒక కుర్రాడికి నాలుగు నెలల్లో 18 నిండుతాయి, ఆపైన సొంత గదికి మారాలి. వంట చేస్తాడు, భాష కూడా బాగానే పట్టుబడింది. చిక్కంతా డబ్బు దగ్గరే. ఆదివారం ఇద్దరం కూర్చుని వారం లెక్క రాస్తాం. బుధవారానికల్లా జేబు ఖాళీ. ఏమైందంటే నేలచూపులు. జల్సారాయుడు కాదండీ, తెగిన బూట్ల లేసు ముడేసి వాడుతున్నాడు. గట్టిగా అడిగితే అసలు మాట్లాడటమే మానేస్తాడేమోనని టెన్షన్.

పాతకాపు: డబ్బు మీ దగ్గర పెట్టుకుని రోజుకింత అని ఇవ్వండి.

రాత్రిడ్యూటీ: నెల రోజులు అదే చేశాం. భోజనం మానేసి అదీ మిగిల్చాడు.

ఒకప్పటిహోమ్‌పిల్ల: ఇంటికి పంపుతున్నాడేమో కనుక్కోండి. నేనూ అలాంటి హోమ్‌లోనే పెరిగాను. నన్ను పంపడానికి చేసిన అప్పు అక్కడ మావాళ్ల నెత్తిన ఉండేది. అమ్మ ఏనాడూ డబ్బు అడగలేదు, తమ్ముడి దగ్గు గురించి చెప్పేది, అంతే. మా లెక్కల పుస్తకంలో అద్దెకో గడి, తిండికో గడి, బస్సుకో గడి ఉండేవి. అమ్మకే లేదు. పైగా పంపుతున్నానని తెలిస్తే అలవెన్సు కోస్తారని భయం. ఒక వారం మా వర్కర్ ఏమీ అడక్కుండా ఇంకో గడి గీసి, పేరు రాయకుండా వదిలేశారు. రెండు వారాలు దాన్ని ముట్టుకోలేదు. మూడో వారం అంకె వేశాను. ఎంత పంపగలనో, ఎప్పుడు లేదని చెప్పాలో అప్పుడే మాట్లాడుకున్నాం. మీరూ ముందే చెప్పండి, రాసినందుకు కోత ఉండదని.

పాతకాపు: ఇది నాకు తట్టనే లేదు. నా సలహా వెనక్కి తీసుకుంటున్నా.

కాగితాలపిచ్చి: డబ్బు సంగతి అలా ఉంచి, నివాస అనుమతి గడువు చూశారా? చాలాచోట్ల 18 నిండగానే పెద్దవాళ్ల నిబంధనలు వర్తిస్తాయి. లాయరును ఇప్పుడే కలవండి. ఆఫీసు ఉత్తరాలు ఆ కుర్రాడే విప్పి చదవాలి, మీరు పక్కన కూర్చోండి చాలు. ఇంకోటి, హోమ్ వదిలే పిల్లలకు వీలైతే తోడుగా ప్రత్యేకంగా ఒక మనిషిని కేటాయించాలని 2009 నాటి ఐక్యరాజ్యసమితి మార్గదర్శకాల్లోనే ఉంది. ఆ మనిషి ఎవరో మీ మేనేజర్‌ను ఇప్పుడే అడగండి, ఖాళీ చేసే రోజున కాదు.

రాత్రిడ్యూటీ: ఈ ఆదివారం గడి గీశాను. కోత ఉండదనీ చెప్పాను. ఏమీ రాయలేదు. లేచి వెళ్తూ మాత్రం, “ఫోన్ రీచార్జ్ కూడా ఇందులోకే వస్తుందా?” అన్నాడు.