ఉప్పునీటి చేపకు ఒక కన్ను ఉబ్బింది, ఇంకోదానికి కంటిపై తెల్లపొర: ఎవరికైనా తగ్గిందా?

నల్గొండ_మెరైన్:
అందరికీ నమస్తే. 300 లీటర్ల ట్యాంక్. కోరల్ బ్యూటీ అనే ఏంజెల్ చేపకు ఎడమ కన్ను బయటికి ఉబ్బింది, కుడి కన్ను బాగానే ఉంది. తిండి తింటోంది. క్లౌన్ చేపకి మాత్రం రెండు కళ్ళ మీదా తెల్లపొర, రాళ్ళకు ఒళ్ళు రుద్దుకుంటోంది. ఉప్పు సాంద్రత (సాలినిటీ) 1.025, అమోనియా సున్నా. బోరు నీళ్ళే, ఆర్వో పెట్టి వాడతాను. షాపాయన మెయిన్ ట్యాంక్‌లోనే కాపర్ మందు పొయ్యమంటున్నాడు. లోపల కోరల్స్ (పగడాలు) ఉన్నాయి. వేరే ట్యాంక్‌లోకి మార్చాలా? ఎప్సమ్ సాల్ట్ (మెగ్నీషియం సల్ఫేట్) ఎంత వెయ్యాలి? పంపు నుంచి సన్నటి బుడగలు వస్తున్నాయి, కారణం అదేనా? హైదరాబాద్ పోకుండా మందులు ఎక్కడ దొరుకుతాయి? చాలా టెన్షన్‌గా ఉంది.

జడ్చర్ల_రీఫ్:
అన్నా, కాపర్ పొయ్యకు! మచ్చల జబ్బుకో, వెల్వెట్ అనే పరాన్నజీవి జబ్బుకో, అదీ వేరే ట్యాంక్‌లో వాడే మందు అది. ఉబ్బిన కంటికి దానితో పనే లేదు. మెయిన్ ట్యాంక్‌లో పడితే రొయ్యలు, నత్తలు, కోరల్స్ అన్నీ పోతాయి. పైగా రాళ్ళు పీల్చుకుని తర్వాత మెల్లగా వదులుతుంటాయి. మా దోస్తు ట్యాంక్ ఇట్లనే ఖాళీ అయింది. చేప ఏ జబ్బుతో ఉందో చూడకుండా సీసా చేతిలో పెట్టే షాపుల మీద నాకు నమ్మకం పోయింది.

సూర్యాపేట_ట్యాంక్:
బోరు నీళ్ళు అన్నారు కదా, రోగం అక్కడే ఉంది. నల్గొండ బోరులో ఫ్లోరైడ్. మనుషుల ఎముకలే వంచిన నీళ్ళు చేప కన్ను ఉబ్బించవా? ముందు 20 లీటర్ల డబ్బా నీళ్ళకు మారండి.

పాలమూరు_ఉప్పునీళ్ళు:
ఫిషరీస్ చదివినవాణ్ణి, చెరువుల్లోనూ ట్యాంకుల్లోనూ చేపల రోగాలు చూస్తూనే ఉన్నాను. సముద్రపు నీళ్ళలోనే లీటరుకు దాదాపు 1.3 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉంటుంది. మనం తాగే నీళ్ళకు గరిష్ఠ హద్దు 1.5. ఆ నీళ్ళలో పుట్టిన చేపకు ఫ్లోరైడ్‌తో కన్ను ఉబ్బిందంటే నేను ఒప్పుకోను.

సూర్యాపేట_ట్యాంక్:
సార్, లెక్కలు పుస్తకంలో బాగుంటాయి. మా వైపు బోర్లలో 4, 5 కూడా వచ్చేది. దానికేమంటారు?

పాలమూరు_ఉప్పునీళ్ళు:
ఆర్వో పొర బాగుంటే ఫ్లోరైడ్‌లో ఎక్కువ భాగం అక్కడే ఆగిపోతుంది. ఆర్వో తర్వాత టీడీఎస్ (నీళ్ళలో కరిగిన లవణాల లెక్క) ఎంతో అడగండి. సున్నాకు దగ్గరగా ఉండాలి. 40, 50 చూపిస్తే పొర పాడై ఉండొచ్చు. అప్పుడు లోపలికి వచ్చేది ఫ్లోరైడ్ ఒక్కటే కాదు, నైట్రేట్, సిలికా కూడా. మీ డబ్బా నీళ్ళకు మీటర్ పెట్టి చూశారా ఎప్పుడైనా?

మర్రిగూడ_బిడ్డ:
మీరిద్దరూ కాస్త ఆగండి. ఫ్లోరైడ్ అంటే మాకు వాదనలో వాడుకునే మాట కాదు. మా నాయనమ్మ నడుము వంగి, చివరి రోజుల్లో తల ఎత్తి మా మొహం చూడలేకపోయింది. పళ్ళు, ఎముకలు, కీళ్ళు, అది పట్టేది వాటిని. ప్రతి రోగానికీ దాన్ని అంటగడితే అసలు బాధ పలచనవుతుంది. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నల్గొండ పద్ధతి అని మా జిల్లా పేరే పెట్టారు. ఇంట్లో ఎవరైనా అట్లా తేర్చిన నీళ్ళు ట్యాంక్‌లో పోస్తుంటే మానెయ్యండి, పటికలోని అల్యూమినియం కొంత మిగిలిపోతుంది. మాకిప్పుడు మిషన్ భగీరథ నల్లా నీళ్ళు వస్తున్నాయి, దాంట్లో క్లోరిన్ ఉంటుంది. ఆర్వోకు ముందుండే కార్బన్ ఫిల్టర్ మార్చకపోతే చేపకు ముందు దాంతోనే ఇబ్బంది.

సూర్యాపేట_ట్యాంక్:
అన్నా, మీ ఇంటి బాధను తక్కువ చేసి అనలేదు. కానీ నీళ్ళు అనుమానించాలన్న మాట మీదే ఉన్నాను.

మిర్యాలగూడ_1025:
ఈ గొడవంతా ఎందుకు, నేను సూర్యలంక నుంచి డబ్బాల్లో సముద్రపు నీళ్ళే తెప్పిస్తాను. చేపలు మెరిసిపోతున్నాయి.

జడ్చర్ల_రీఫ్:
ఒడ్డు దగ్గర ముంచిన నీళ్ళా? రొయ్యల చెరువుల నీళ్ళు కాలువల్లో ఎక్కడికి పోతాయో తెలుసా తమ్మీ?

మిర్యాలగూడ_1025:
పడవలో లోపలికి పోయి తెస్తారు. తెలియకుండా మాట్లాడకండి.

వనపర్తి_అక్క:
ఆ చేప కన్ను ఉబ్బి ఉంటే మీరంతా నీళ్ళ మీద కొట్లాడుతున్నారు! అడిగినాయన రెండు వేర్వేరు రోగాలు రాశారు, ఒక్కరూ చూడలేదు. క్లౌన్‌కి రెండు కళ్ళ మీదా పొర, పైగా రుద్దుకుంటోంది. అది ఫ్లూక్స్ కావచ్చు, కంటికి కనపడనంత పారదర్శకంగా అతుక్కుని ఉండే పురుగులు. ఆర్వో నీళ్ళు నల్ల బకెట్‌లో తీసుకోండి. వేడి, పీహెచ్ ట్యాంక్‌తో సమానం చెయ్యండి, పీహెచ్‌కి వంటసోడా చాలు. గాలి రాయి పెట్టి చేపను 3 నుంచి 5 నిమిషాలు ఉంచండి, పక్కనే నిలబడి చూడండి. ఫ్లూక్స్ అయితే మంచినీళ్ళకు తెల్లబడి రాలుతాయి, నల్ల అడుగు మీద కనిపిస్తాయి. కనిపిస్తే ప్రాజిక్వాంటెల్ వాడాలి, అది గుడ్లను చంపదు కాబట్టి మళ్ళీ వెయ్యాలి. నా పఫర్ చేపకి చూపు తిరిగి వచ్చింది ఇట్లనే. గుడ్డిదైపోయింది, వదిలెయ్యమని అందరూ చెప్పిన చేప అది!

కోదాడ_కింగ్:
ఉబ్బిన కంటికి సన్నటి సూదితో గాలి తీసేస్తే అయిపోతుంది. వీడియోల్లో చూశాను.

జడ్చర్ల_రీఫ్:
వీడియో చూసి ప్రాణమున్న దాని కంట్లో సూది గుచ్చుతావా? ఎవరైనా చదివి చేస్తే ఆ పాపం ఎవరిది? దయచేసి ఆ మాట తీసెయ్.

కోదాడ_కింగ్:
సలహా ఇస్తే తిడతారేంటి?

పాలమూరు_ఉప్పునీళ్ళు:
తిట్టాల్సిన సలహానే అది. ఒక్క కన్నే ఉబ్బితే ఎక్కువసార్లు దెబ్బ. రాయికి తగలడం, వలలో చిక్కడం, వేరే చేప కొట్టడం. రెండు కళ్ళూ ఉబ్బితే లోపల ఇన్‌ఫెక్షన్‌ను అనుమానించాలి. బుడగల సంగతి కూడా చూడండి, పంపు పీల్చే వైపు పైపుకు చిన్న రంధ్రం ఉన్నా గాలి నీళ్ళలో ఒత్తిడితో కరిగి చేప కంట్లో బుడగలవుతుంది. ఎప్సమ్ సాల్ట్ 40 లీటర్లకు ఒక టేబుల్‌స్పూన్, వేరే నీళ్ళలో కరిగించి మెల్లగా పొయ్యండి. అది వాపు తీస్తుందే తప్ప క్రిముల్ని చంపదు.

దేవరకొండ_బత్తాయి:
సార్, మా తోటకు వేసే మెగ్నీషియం సల్ఫేట్ బస్తా ఇంట్లోనే ఉంది. అది వాడొచ్చా?

పాలమూరు_ఉప్పునీళ్ళు:
వద్దు. చెట్టుకు వేసే దాంట్లో ఏమేం కలిసి ఉంటాయో తెలియదు. మెడికల్ షాపులో దొరికేది తెచ్చుకోండి, పెద్ద ధర కూడా కాదు.

కోదాడ_కింగ్:
మరి టెట్రాసైక్లిన్ క్యాప్సూల్ విప్పి ట్యాంక్‌లో కలిపితే? అదీ తప్పేనా?

పాలమూరు_ఉప్పునీళ్ళు:
సముద్రపు నీళ్ళలోని కాల్షియం, మెగ్నీషియం దాన్ని పట్టేసుకుంటాయి, చేపకు చేరేది చాలా తక్కువ. యాంటీబయాటిక్ అవసరమే పడితే తిండిలో కలిపి, వేరే ట్యాంక్‌లో, పశువైద్యుణ్ణి అడిగి ఇవ్వాలి. మెయిన్ ట్యాంక్‌లో పోస్తే మంచి బ్యాక్టీరియా చచ్చి అమోనియా లేస్తుంది.

నల్గొండ_మెరైన్:
అందరికీ ధన్యవాదాలు. కాపర్ పొయ్యలేదు. అక్కా, మీరు చెప్పినట్టే బకెట్‌లో ముంచితే అడుగున తెల్లటి చుక్కలు కనిపించాయి! క్లౌన్ వేరే ట్యాంక్‌లో ఉంది, మందు ఆర్డర్ పెట్టాను. ఆర్వో టీడీఎస్ 3. రాత్రి టార్చ్ వేసి చూస్తే డామ్సెల్ చేప ఆ ఏంజెల్‌ను రాళ్ళ మధ్యకు తరుముతోంది, ఎడమ పక్కనే కొడుతోంది. ఏంజెల్‌ను వల వెయ్యకుండా డబ్బాతో పట్టి, ఎప్సమ్ నీళ్ళలో పెట్టాను.

వనపర్తి_అక్క:
మంచి పని చేశారు తమ్ముడూ. తిండి తింటున్నంత కాలం భయపడకండి. వాపు తగ్గడానికి వారాలు పట్టొచ్చు. ఒక కన్ను పోయినా హాయిగా బతుకుతాయి, నా దగ్గర అట్లాంటి టాంగ్ చేప ఉంది. రొయ్య ముక్కలు, నోరి (ఎండిన సముద్రపు నాచు) పెట్టండి.

నల్గొండ_మెరైన్:
సరే అక్కా. ఆ డామ్సెల్‌ను ఎవరైనా తీసుకుంటారా? ఊరికే ఇస్తాను.

మిర్యాలగూడ_1025:
నాకివ్వన్నా. నా పెద్ద ట్యాంక్‌లో లయన్‌ఫిష్ ఒక్కటే ఉంది.

జడ్చర్ల_రీఫ్:
తమ్మీ, అది డామ్సెల్‌ను ఒక్క రాత్రిలో మింగేస్తుంది. నాకివ్వండి, ఆదివారం నల్గొండ వైపు వస్తున్నాను. బకెట్ నేనే తెచ్చుకుంటాను.