స్ప్రింగ్ బాబర్ నిజంగా అవసరమా, కొస మెత్తగా ఉన్న రాడ్ సరిపోతుందా?

మంచుకన్నం:

అందరికీ నమస్కారం. గడ్డకట్టిన సరస్సు మీద మంచులో కన్నం చేసి బ్లూగిల్, క్రాపీ చేపలకు గాలం వేస్తుంటాను. 4 మిల్లీమీటర్ల టంగ్‌స్టన్ జిగ్ (కొక్కేనికి అతికించిన చిన్న లోహపు గుండు), 2 పౌండ్ల బరువు తట్టుకునే మోనో లైన్ (ఒకే పోగు ప్లాస్టిక్ దారం), మామూలు అల్ట్రాలైట్, అంటే బాగా తేలికైన రాడ్. చేప జిగ్ దగ్గరికి రావడం, అక్కడే ఆగడం నీటి కింద ఉన్నవాటిని చూపించే సోనార్‌లో స్పష్టంగా కనిపిస్తుంది. రాడ్ కొస మాత్రం కదలదు. పైకి తీసి చూస్తే కొక్కేనికి గుచ్చిన పురుగు ఉండదు.

కొసకు స్ప్రింగ్ బాబర్ తగిలించుకోమని ఒకరు సలహా ఇచ్చారు. అంటే కొస రింగు దాటి ముందుకు వచ్చే సన్నటి తీగ, లేదా పలుచటి పట్టీ. దాని చివర రంగు పూస, అందులోంచి లైన్. ఇంకొకరేమో అదంతా పాత పద్ధతి, కొస బాగా మెత్తగా ఉండే నూడుల్ రాడ్ తీసుకుంటే చాలు అంటున్నారు. రెండూ వాడినవాళ్లు చెప్పండి, ఏది మేలు, ఎందుకు?

కొసచూపు:

నా ఓటు నూడుల్ రాడ్‌కే.

చేప ఎరను నోట్లోకి పీల్చుకుంటుంది, తేడాగా అనిపిస్తే వెంటనే ఉమ్మేస్తుంది. మనకు దొరికేది ఆ కాస్త సమయమే. స్ప్రింగ్ ఉంటే మీరు రాడ్ ఎత్తగానే మొదటి మూడు నాలుగు సెంటీమీటర్లు అది వంగడానికే పోతాయి. ఇక కొక్కెం దిగేదెప్పుడు? జిగ్ ఆడించడం కూడా అంతే. మీ మణికట్టు చేసింది జిగ్ దాకా చేరదు, మధ్యలో స్ప్రింగ్ మింగేస్తుంది. ఇక మంచు గురించి చెప్పక్కర్లేదు. తడి లైన్ స్ప్రింగ్ చివరి కన్నంలోంచి వెళ్తూ వెళ్తూ నీళ్లు అక్కడే వదులుతుంది, అది గడ్డ కడుతుంది, గడ్డ బరువుకు స్ప్రింగ్ వాలిపోతుంది. చుట్టలు చుట్టిన రకమైతే చుట్టల మధ్య నీరు నిలిచి మొత్తం ఒకే కడ్డీ అయిపోతుంది.

మంచి నూడుల్ రాడ్‌లో కొస నుంచి పిడి దాకా వంపు ఒకే ధారగా ఉంటుంది. అదనంగా తగిలించేది, విరిగేది ఏమీ ఉండదు.

వంగినతీగ:

కొసచూపు గారు మంచు గురించి చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. మిగతా రెండింటితో నాకు పేచీ ఉంది. అయితే అసలు సంగతి ఇంకా ఎవరూ ఎత్తలేదు. స్ప్రింగ్ విలువ చేప కిందకి లాగినప్పుడు తెలియదు. పైకి ఎత్తినప్పుడు తెలుస్తుంది.

మంచు కింద అడుగున నీళ్లు 4 డిగ్రీల దగ్గర ఉంటాయి. ఆ చలిలో చేప ఒంట్లో అన్ని పనులూ నెమ్మదిస్తాయి. ఎర కోసం వెంటపడదు, లాక్కుని పారిపోదు. బ్లూగిల్ జిగ్ ఎదురుగా కదలకుండా నిలబడి, నోరు తెరిచి నీళ్లతో పాటు ఎరను లోపలికి పీల్చుకుంటుంది. క్రాపీ ఎక్కువగా పైకి చూస్తూ మేత వెతుకుతుంది, ఎర కింది నుంచి వచ్చి అందుకుని, అదే ఊపులో ఇంకాస్త పైకి పోతుంది. రెండు సందర్భాల్లోనూ లైన్ మీద ఉన్న జిగ్ బరువు చేప నోటి మీదకు మారుతుంది. లైన్ సడలుతుంది.

ఇప్పుడు మంచుకన్నం గారి రాడ్ సంగతి చూద్దాం. 4 మిల్లీమీటర్ల జిగ్ గ్రాము కూడా తూగదు. ఆ బరువుకు మామూలు అల్ట్రాలైట్ కొస వంగదు, ముందే తిన్నగా ఉంటుంది. బరువు పోయాక కూడా అలాగే తిన్నగా ఉంటుంది. చేప పట్టినా వదిలినా కొసలో చూడ్డానికి ఏమీ ఉండదు. స్ప్రింగ్ అలా కాదు. జిగ్ బరువుకు ముందే సగం వంగి ఉంటుంది కాబట్టి బరువు ఎక్కినా తెలుస్తుంది, దిగినా తెలుస్తుంది. త్రాసులో రెండు తట్టలూ సమంగా తూగుతున్నప్పుడే చిటికెడు తేడా కనిపించేది. మీ పురుగులు మాయమవుతున్నది ఈ దారినే అని నా గట్టి అనుమానం.

ఆ పైకి లేవడం ఎలా ఉంటుందో తెలియకపోతే స్ప్రింగ్ పెట్టుకున్నా లాభం లేదు. పూస ఎగిరిపడదు. నాలుగైదు మిల్లీమీటర్లు మెల్లగా లేచి అక్కడే నిలబడుతుంది. వణుకు, కుదుపు ఏమీ ఉండవు. జిగ్ ఆడిస్తున్నంతసేపు దాన్ని కనిపెట్టలేం. అందుకే కాసేపు ఆడించి ఆపాలి, పూస కుదురుకునే దాకా ఆగాలి, ఆ తర్వాత కూడా దాన్నే చూస్తూ ఉండాలి. చేప ఎరను అందుకునేది ఎక్కువగా ఆ ఆగిన సమయంలోనే.

ఇక కొసచూపు గారి మిగతా రెండు అభ్యంతరాలు, కొక్కెం దిగడం, జిగ్ ఆట. ఇంత చిన్న జిగ్‌లకు ఉండే కొక్కేలు సన్నటి తీగతో చేసినవి, దిగడానికి బలం అక్కర్లేదు. పైగా క్రాపీ నోటి చర్మం చాలా పలుచన, గట్టిగా గుంజితే చిరుగుతుంది. మణికట్టుతో ఒక జానెడు ఎత్తితే చాలు, స్ప్రింగ్ మడిచిపోయి బరువు రాడ్ మీదకు వస్తుంది. మూడు సెంటీమీటర్లు పోయాయని బాధపడతాం గానీ, స్ప్రింగ్ లేకపోతే ఆ కాటు మనకు తెలిసేదే కాదు.

జిగ్ ఆట విషయానికి వస్తే, రష్యాలో మోర్మిష్కా అనే చిన్న జిగ్‌తో ఆడే పద్ధతి చూడండి. అక్కడ కొసన ఉండే పట్టీని కివోక్ అంటారు. జిగ్ ఆట అంతా దాని వణుకులోంచే పుట్టిస్తారు. స్ప్రింగ్ ఆటను చంపేదే అయితే ఆ పద్ధతే ఉండేది కాదు. చిన్న చిన్న తట్టులను స్ప్రింగ్ ఇంకా నాజూకుగా చేసి కిందకి పంపుతుంది. పెద్ద ఎత్తులను మింగేస్తుందన్నది ఒప్పుకుంటాను.

కొసచూపు:

బాగా చెప్పారు. కానీ మీరు స్ప్రింగ్‌ను పోల్చింది గట్టి రాడ్‌తో. నేను చెప్పింది నూడుల్ రాడ్ గురించి. దాని కొస కూడా జిగ్ బరువుకు వంగే ఉంటుంది. బరువు దిగితే అదీ లేస్తుంది. మీ వాదన మొత్తం దానికీ వర్తిస్తుంది కదా?

వంగినతీగ:

వర్తిస్తుంది, కొస నిజంగా ఆ జిగ్‌కు వంగితే. నూడుల్ అని పేరు పెట్టినవన్నీ గ్రాము లోపు బరువుకు వంగవు. వంగేది దొరికితే నేనూ కాదనను.

అయినా ఒక తేడా మిగులుతుంది. రాడ్ కొస మెత్తదనం తయారైన రోజున ఖరారైపోతుంది. 3 మిల్లీమీటర్ల జిగ్‌కు సరిగ్గా వంగే కొస, 5 మిల్లీమీటర్ల జిగ్ కట్టగానే పూర్తిగా వాలిపోతుంది. స్ప్రింగ్‌ను ముందుకీ వెనక్కీ జరపొచ్చు, అదీ చాలా కొద్దిగా. ఒక చివర బిగించిన తీగ వంపు దాని పొడవుకు ఘనంలో పెరుగుతుంది. 4 సెంటీమీటర్లు బయట ఉన్నదాన్ని 5 సెంటీమీటర్లకు లాగితే అదే బరువుకు దాదాపు రెట్టింపు వంగుతుంది. గుండ్రటి తీగ మందం ఇంకా ఎక్కువ ప్రభావం చూపిస్తుంది. పదోవంతు సన్నబడితే బిగువులో మూడోవంతు పోతుంది. అందుకే జిగ్ మార్చినప్పుడల్లా అర సెంటీమీటరు అటూ ఇటూ జరిపితే పని అయిపోతుంది, రాడ్ మార్చక్కర్లేదు.

లోహం:

వాదనలోకి దిగను గానీ, తీగ ఎంచుకునేటప్పుడు పనికొచ్చే మాట ఒకటి చెప్తాను.

మామూలు స్ప్రింగ్ స్టీలు చవక, కానీ పెట్టెలో నలిగితే వంకర అలాగే ఉండిపోతుంది. టైటానియం తుప్పు పట్టదు. అదే మందంలో స్టీలు కన్నా సుమారు రెట్టింపు సులువుగా వంగుతుంది కాబట్టి మరీ సన్నటి పట్టీ అక్కర్లేదు. ప్లాస్టిక్ పట్టీలు తేలిక, కత్తెరతో కోసి సన్నం చేసుకోవచ్చు.

జాగ్రత్త పడాల్సింది నిటినాల్ దగ్గర. నికెల్, టైటానియం సుమారు సగం సగం కలిసిన మిశ్రమ లోహం ఇది. వేలికి చుట్టి వదిలినా తిన్నగా అయిపోతుందని అందరికీ ఇష్టం. ఆ గుణం ఒక ఉష్ణోగ్రతకు పైన మాత్రమే ఉంటుంది. అంతకన్నా చల్లబడితే తీగ మెత్తబడి, వంచిన చోటే ఉండిపోతుంది, వేడి తగిలాక మళ్లీ తిన్నగా అవుతుంది. నికెల్ పాలు రవ్వంత మారినా ఆ హద్దు పది డిగ్రీలు జరుగుతుంది. అంటే గదిలో అద్భుతంగా కనిపించిన తీగ సరస్సు మీద, సున్నా కింద 20 డిగ్రీల్లో నీరసంగా వేలాడొచ్చు. చలికి పనికొచ్చే నిటినాలూ ఉంది. తేల్చుకోవడం సులభం. ఇంట్లో ఫ్రీజర్‌లో గంటసేపు పెట్టి, తలుపు తీసి లోపలే వంచి వదలండి. వెంటనే లేస్తే తీసుకెళ్లండి. బయటికి తెచ్చి వంచితే వేళ్ల వేడికే లేస్తుంది, అది లెక్కలోకి రాదు.

గాలివాటం:

టెంట్ లేకుండా ఆరుబయట కూర్చునేవాళ్ల సంగతి కూడా ఆలోచించండి. గాలి వీస్తే పూస తనంతట తానే ఊగుతుంది, ఏది కాటో ఏది గాలో తెలియదు. నేను తీగను పొట్టిగా చేసి, రాడ్ కొసను దాదాపు కన్నం అంచు దాకా దించి పట్టుకుంటాను. వీపు గాలికి అడ్డం పెడతాను. అలా కొంత నయం. గాలి మరీ పెరిగితే స్ప్రింగ్ తీసేయడమే. గడ్డ కట్టినప్పుడు కొసను కన్నంలోని నీళ్లలో ముంచి కాసేపు ఉంచితే వదులుతుంది. వేళ్లతో విరవబోతే పట్టీ వంగిపోతుంది.

మంచుకన్నం:

అందరికీ చాలా థాంక్స్. పైకి లేచే కాటు గురించి నాకు ఆలోచనే రాలేదు. వంగినతీగ గారూ, స్ప్రింగ్ ఎంత వంగితే సరి అన్నట్టు? ఇంకో మాట, నా చిన్న స్పిన్నింగ్ రీల్ నుంచి లైన్ చుట్టలు చుట్టలుగా వస్తుంది. దానివల్ల ఇబ్బందేమైనా ఉంటుందా?

వంగినతీగ:

చుట్టలే ముందు సరిచేసుకోండి. గ్రాము లోపు జిగ్ ఆ చుట్టలను తిన్నగా సాగదీయలేదు. చేప జిగ్‌ను ఎత్తినప్పుడు సడలిన లైన్ చుట్టల్లో కలిసిపోతుంది, స్ప్రింగ్ దాకా కబురు రాదు. కన్నంలోకి దించే ముందు కావాల్సినంత లైన్ బయటికి లాగి, రెండు చేతులతో మెల్లగా సాగదీసి ఒక క్షణం పట్టి ఉంచండి. పెద్ద చక్రం ఉండి, లైన్‌ను మెలిపెట్టకుండా తిన్నగా వదిలే ఇన్‌లైన్ రీల్ అయితే ఈ బాధ చాలా తగ్గుతుంది, జిగ్ గిరగిరా తిరగడం కూడా తగ్గుతుంది.

వంపు సంగతి. ఎర గుచ్చి, జిగ్‌ను నీళ్లలోకి దించాకే చూడండి, గాల్లో వేలాడదీసి కాదు. నీళ్లలో టంగ్‌స్టన్ బరువు 5 శాతం, సీసం బరువు 9 శాతం దాకా తగ్గుతుంది. రాడ్ గీతకు 30 నుంచి 45 డిగ్రీలు కిందకి వాలితే నాకు సరిగ్గా ఉంటుంది. తీగ దాదాపు నిటారుగా వేలాడుతుంటే కిందకి లాగే కాటు కనిపించదు, తిన్నగా ఉంటే పైకి ఎత్తేది కనిపించదు. పూస ఎర్రదో నారింజ రంగుదో అయి ఉండాలి, మంచు మీద తెల్లది కనిపించదు.

కొసచూపు:

పైకి లేచే కాటు గురించి మీ మాట ఒప్పుకుంటున్నాను. గ్రాము లోపు జిగ్‌లకు, టెంట్‌లో, స్ప్రింగ్ మంచిదే. పెర్చ్ చేపల కోసం స్పూన్ (జిగ్ కన్నా బరువైన లోహపు రేకు ఎర) ఆడించేటప్పుడు మాత్రం పెట్టను. స్పూన్ బరువుకు స్ప్రింగ్ ముందే పూర్తిగా వాలిపోయి ఉంటుంది, ఇక చూపించడానికి ఏమీ మిగలదు. పైగా అక్కడ చేపను పిలిచేదే ఆ పెద్ద ఎత్తు, దాన్ని స్ప్రింగ్ మింగేస్తే ఎలా?

వంగినతీగ:

స్పూన్‌కు నేనూ పెట్టను. ఆ రాడ్ వేరే ఉంటుంది.

మంచుకన్నం:

ఇప్పుడే రాడ్ తీసి, అదే జిగ్ కట్టి బల్ల అంచు నుంచి వేలాడదీశాను. కొస వెంట్రుకవాసి కూడా వంగలేదు. వేలితో జిగ్‌ను కింద నుంచి ఎత్తి చూశాను, లైన్ వదులైంది, కొసలో ఏ మార్పూ లేదు.

కొసచూపు:

అయితే ఈ రాడ్‌కు స్ప్రింగే పెట్టండి, నేనూ అదే చెప్తాను. ఎప్పుడైనా నూడుల్ రాడ్ కొనాలనిపిస్తే మీ జిగ్ జేబులో వేసుకుని వెళ్లి, డబ్బు కట్టకముందే దాని కొసకు వేలాడదీసి ఇదే పరీక్ష చేయండి.

వంగినతీగ:

మొదటిసారికి అంటించే రకం వద్దు, కొసకు తొడిగి జరుపుకునే రకం తీసుకోండి. తొడిగాక జిగ్ మళ్లీ వేలాడదీసి, వేలితో అలాగే ఎత్తి చూడండి. పూస ఎంత లేచిందో ఇక్కడ రాస్తే తీగ ఎంత జరపాలో చెప్తాను.