ఎర్ర మందుతో పాటు కర్క్యుమిన్ మాత్రలు: గుండెకు రక్షణా, ప్రమాదమా?

దుగ్గిరాల రైతుబిడ్డ:
రొమ్ము క్యాన్సర్‌కు ఎర్ర మందు, అంటే డాక్సోరూబిసిన్, ఎక్కించుకుంటున్న మా అక్కకు, దాని వల్ల గుండె దెబ్బతినకుండా పసుపులో ఉండే కర్క్యుమిన్ మాత్రలు ఇవ్వవచ్చా అని అడిగితే, గుంటూరులో మేము చూపించుకుంటున్న వైద్యుడు తల కూడా ఎత్తకుండా వద్దన్నారు. గుండె కణాలకు ముందుగా కర్క్యుమిన్ ఇచ్చి, తరువాత ఈ మందు వేస్తే చనిపోయే కణాలు తగ్గుతాయని పరిశోధనలు చెబుతున్నప్పుడు ఎందుకు వద్దు?

ఫార్మసీ మాస్టారు, విజయవాడ:
ఆ పరిశోధనలు నేనూ చదివాను. వాటిలో తరచుగా వాడేవి ఎలుక పిండం గుండె నుంచి వచ్చిన హెచ్9సీ2 కణాలు. వాటి మీద నేరుగా పోసిన కర్క్యుమిన్‌కూ, మింగిన మాత్రకూ పోలిక లేదు. పేగులు దాన్ని సరిగా పీల్చుకోవు, పీల్చుకున్న కాస్తనూ శరీరం త్వరగా మార్చి బయటకు పంపేస్తుంది.

దుగ్గిరాల రైతుబిడ్డ:
అందుకే మాత్రలలో మిరియాల పైపరిన్ కలుపుతారు. మీరు ఆ మాట ఎందుకు దాటవేశారు?

ఫార్మసీ మాస్టారు, విజయవాడ:
దాటవేయలేదండీ, అసలు భయం అక్కడే ఉంది. పైపరిన్ అడ్డుకోగల రెండు, అంటే మందులను విడగొట్టే సీవైపీ3ఏ4 ఎంజైమూ, వాటిని కణాల నుంచి బయటకు తోసే పీ-గ్లైకోప్రొటీనూ డాక్సోరూబిసిన్‌ను వదిలించడంలో కూడా పాలుపంచుకుంటాయి. గుండెను కాపాడబోయి రక్తంలో ఆ విషాన్నే పెంచుకునే ప్రమాదం ఉంది.

కృష్ణలంక:
అయితే మా ఇంట్లో రోగికి మిరియాల చారు కూడా పెట్టకూడదా?

ఫార్మసీ మాస్టారు, విజయవాడ:
నేను చెప్పేది వంటలో వేసే చిటికెడు గురించి కాదు, గాఢత పెంచిన మాత్రల గురించి. విటమిన్ ఇ, ఎన్-అసిటైల్‌సిస్టీన్ కూడా జంతువులలో ఎంతో ఆశ పుట్టించి, రోగులలో గుండెను కాపాడలేకపోయాయి. డాక్సోరూబిసిన్ నుంచి గుండెను కాపాడేందుకు అమెరికాలో 1995లో అనుమతి పొందిన డెక్స్‌రజోక్సేన్ ఇనుమును పట్టుకొని, కణాలను దెబ్బతీసే ఫ్రీ రాడికల్స్‌ను ఆపడం వల్లనే పనిచేస్తుందని చాలాకాలం అనుకున్నారు. గుండె కణాలలో డీఎన్ఏ చిక్కులు విప్పే టోపోఐసోమరేజ్ 2బీటా ఎంజైమును తీసేసిన ఎలుకలు డాక్సోరూబిసిన్ దెబ్బ నుంచి చాలావరకు తప్పించుకున్నాయని 2012లో తేలాక, ఫ్రీ రాడికల్స్‌ను అణచే కర్క్యుమిన్ లాంటి ఒక్క యాంటీఆక్సిడెంట్‌తో పని జరుగుతుందనుకోవడం కష్టమైంది.

దుగ్గిరాల రైతుబిడ్డ:
మా అమ్మకు ఇదే మందు ఇచ్చినప్పుడు గుండె స్కాన్, అదే ఎకో, ఒక్కటి కూడా తీయలేదు. ఏడాది తిరగకముందే గుండె బలహీనపడి, మెట్లెక్కలేని స్థితిలో మాకు దూరమైంది. ఇప్పుడు అక్క వంతు వస్తే, అడిగినవారికి జవాబు చెప్పరు, మాకు తోచింది చేస్తే తప్పంటారు. చేతులు కట్టుకొని చూస్తూ కూర్చోమంటారా?

ఫార్మసీ మాస్టారు, విజయవాడ:
ఈ మాట మొదటే చెప్పి ఉంటే నేను పైపరిన్ దగ్గర ఇంతసేపు నిలిచేవాడిని కాను. మీకు కావలసింది అక్కగారి గుండెను ఎవరైనా కనిపెట్టి ఉండడం. ఇంతవరకు మొత్తం ఎంత మందు ఎక్కింది?

దుగ్గిరాల రైతుబిడ్డ:
శరీర ఉపరితలం చదరపు మీటరుకు 60 మిల్లీగ్రాముల చొప్పున మూడుసార్లు అని కాగితంలో ఉంది. నాలుగోది మంగళవారం.

ఫార్మసీ మాస్టారు, విజయవాడ:
దానితో చదరపు మీటరుకు మొత్తం 240 మిల్లీగ్రాములు అవుతుంది. ఒక పెద్ద విశ్లేషణలో గుండె వైఫల్యం ఈ మొత్తం మోతాదు 400 దగ్గర సుమారు 5 శాతం మందిలో, 550 దగ్గర సుమారు 26 శాతం మందిలో కనిపించింది. తక్కువ మోతాదులోనూ కొందరికి దెబ్బ తగులుతుంది కనుక, అమ్మగారి సంగతి చెప్పి మంగళవారానికి ముందే ఎకో రాయించుకోండి.

దుగ్గిరాల రైతుబిడ్డ:
రేపు ఉదయమే వెళ్లి అడుగుతాను. మాత్రల విషయంలో మీతో ఇంకా ఏకీభవించను గాని, ఎకో వచ్చేవరకు సీసా మూత తీయను.