దేవుణ్ణి నమ్మనివాడి నోట ‘పాపం’ అనే మాటకు అర్థమేమిటి?

ప్రశ్న (శివారు రైతు, రాజోలు):
ఈ సార్వాలో (తొలకరి వరి పంటకాలంలో) మా బోదెకు, అంటే చేలకు నీరందించే పిల్లకాలువకు, ఎగువనున్న రైతొకరు రాత్రివేళ అడ్డుకట్ట వేసి నీరంతా తన చేలోకి మళ్లించుకోవడంతో, కాలువ చివర, శివారున మా ఆకుమడి నెర్రెలిచ్చి, నారు కొనలు ఎర్రబారాయి. మా అమ్మ “ఈ పాపం ఊరికే పోదురా” అన్నది. నాకు దేవుడిమీద గాని, మరుజన్మమీద గాని నమ్మకం లేదు. అయినా ‘తప్పు’, ‘అన్యాయం’ అన్న మాటలు చాలక, నేనూ పాపమనే అన్నాను. నమ్మకం లేనివాడు ఆ మాట వాడితే దానికి అర్థం మిగులుతుందా?

జవాబు (విశ్రాంత ఉపాధ్యాయుడు, అమలాపురం):
నేను ఆస్తికుణ్ణి. దైవం వద్దన్న పని చేయడం పాపమనీ, దాని ఫలం అనుభవించక తప్పదనీ నమ్ముతాను. అయితే 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో వీరేశలింగం గారు తొలి వితంతు వివాహం జరిపించినప్పుడు, దాన్ని ఘోరమన్నవారూ శాస్త్రాలే చూపారు, సమర్థించిన ఆయనా శాస్త్రాలే చూపారు. ఇరుపక్షాలూ దేవుణ్ణి నమ్మినవే కనుక, ఏది పాపమో తేల్చడానికి నమ్మకమొక్కటే చాలలేదని ఒప్పుకుంటాను. కాని అర్ధరాత్రి గట్టుమీద చూసేవారెవరూ లేనప్పుడు పార పట్టిన చేతిని ఆపేది ఏమిటి? నా మట్టుకు నాకు దైవభీతే.

జవాబు (భీమవరం నుంచి ఒక నాస్తికురాలు):
మాస్టారి ప్రశ్న తేలిగ్గా తీసివేయదగినది కాదు. అయినా మన భాషను ఒకసారి గమనించండి: ఒకరిని ఏడిపించిన పనినీ పాపమంటాం, ఏడ్చినవారిని చూసీ “అయ్యో పాపం” అంటాం. ‘ఉసురు తగులుతుంది’ అనేటప్పుడు కూడా మనం తలచేది దేవుణ్ణి కాదు, బాధపడ్డ మనిషి ప్రాణాన్ని. 1996 నవంబరు 6 నాటి తుపాను కోనసీమను ఊడ్చిపెట్టినప్పుడు “ఎవరు చేసిన పాపమో” అని కొందరు అన్నారు; ఆ మాట నేను ఎన్నటికీ ఒప్పుకోను, ఎందుకంటే గాలికి ఎవరిమీదా పగ లేదు, అది కీడు మాత్రమే. మీ ఎగువ రైతుకు మాత్రం దిగువన మీ ఆకుమడి ఉందని తెలుసు. తెలిసి కట్ట వేశాడు. నేను పాపమనేది దాన్నే.

ప్రశ్నించినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. ఆ ఎగువ రైతు ఏటా అంతర్వేది తీర్థానికి తప్పక వెళ్లే భక్తుడు. నాలుగోనాటి పొద్దున మా అమ్మ బిందెతో నీళ్లు తెచ్చి నారుమీద చిలకరిస్తుంటే, గట్టుమీద కాసేపు నిలబడి, మాట్లాడకుండా వెళ్లి కట్ట తెంచాడు. ఆ క్షణంలో ఆయనకు స్వామి గుర్తొచ్చాడో, మా అమ్మ కనబడిందో నేనింకా అడగలేదు.