చట్టాలు ఇన్ని ఉన్నా అడవులు, గాలి ఎందుకు బాగుపడట్లేదు?

నీటిబొట్టు:
ఏ దేశంలో చూసినా అదే మాట, "పర్యావరణ నిర్వహణను బలోపేతం చేస్తున్నాం" అని. ఓ కొత్త చట్టం, ఓ కమిటీ, అయిపోయింది. 1972 నుంచి ప్రపంచంలో పర్యావరణ చట్టాలు 38 రెట్లు పెరిగాయని ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2019లో రిపోర్టు ఇచ్చింది, అమలు దగ్గరే చాలా దేశాలు చతికిలపడ్డాయని కూడా అందులోనే ఉంది. నిజంగా పనిచేసింది ఏదైనా ఉందా? ఉపన్యాసాలు వద్దు ప్లీజ్.

పాతఫైలు:
బ్రెజిల్. అమెజాన్‌లో 2004లో దాదాపు 27,800 చదరపు కిలోమీటర్ల అడవి పోతే 2012లో పోయింది 4,600 లోపే. అంతకుముందు ఏడాదికోసారి లెక్క వచ్చేది, అంటే చెట్లు కొట్టి, తగలబెట్టి, పశువుల్ని తోలాక తెలిసేదన్నమాట. 2004లో డీటర్ అనే శాటిలైట్ నిఘా పెట్టాక నరుకుతుండగానే తెలిసి తనిఖీ టీములు నేరుగా అక్కడికే వెళ్ళాయి. 2008లో ఇంకో పని చేశారు, నిబంధనలు పాటించినట్టు కాగితం చూపకపోతే అక్కడ బ్యాంకులు వ్యవసాయ అప్పు ఇవ్వకూడదన్నారు. అప్పు ఆగితే ఎవరైనా దారికొస్తారు. సోయా, మాంసం ధరలు పడిపోవడమూ కొంత కలిసొచ్చింది లెండి.

గట్టుమీద:
సగమే చెప్పారు సార్. 2021లో మళ్ళీ 13,000 దాటింది కదా. శాటిలైట్ ఫోటోలు వస్తూనే ఉన్నాయి, అడవిలోకి వెళ్ళే మనిషికే వెనక దన్ను లేకుండా పోయింది. నాకైతే నేపాల్ దారి నచ్చుతుంది. 1993 అటవీ చట్టంతో అడవిని ఊళ్ళ సంఘాలకి అప్పగించారు, నేల ప్రభుత్వానిదే గానీ కట్టెలు, గడ్డి ఎవరు ఎప్పుడు ఎంత తెచ్చుకోవాలో వాళ్ళే రాసుకుంటారు, అమ్మితే వచ్చిన డబ్బు సంఘానికే. జీతానికి కాసేవాడు వేరు, రేపు తన గేదెకి గడ్డి కావాల్సినవాడు వేరు.

పాతఫైలు:
ఒప్పుకుంటా. కానీ ఊరి సంఘం ఫ్యాక్టరీ పొగని ఆపలేదుగా?

మసిచేతులు:
పొగ సంగతి నేను చెప్తా, కొన్నాళ్ళు ఆ పనే చేశా. గొట్టం మీదికెక్కి, లోపలికి నాజిల్ పెట్టి, ఫిల్టర్‌లో పడిన దుమ్ము తూకం వేయాలి. ఎండలో నిచ్చెన ఎక్కాలంటే ప్రాణం పోతుంది. ఎక్కకుండానే అంకె వేసేసేవాళ్ళని చూశాను, ఎందుకంటే పొగ కొలిచే ఆడిటర్‌కి ఫీజు ఇచ్చేది ఆ ఫ్యాక్టరీయే. గుజరాత్‌లో ఆర్థికవేత్త ఎస్తేర్ డుఫ్లో బృందం అక్కడి కాలుష్య నియంత్రణ మండలితో కలిసి ఇదే పరీక్షించింది, 2013లో పేపర్ వచ్చింది. మామూలు పద్ధతిలో రీడింగులన్నీ విచిత్రంగా పరిమితికి కాస్త కిందే గుంపుగా పడ్డాయి! ఆడిటర్‌ని లాటరీ తీసి పంపి, ఫీజు ఉమ్మడి ఖాతాలోంచి ఇచ్చి, కొన్నిచోట్ల మళ్ళీ కొలిపించారు. అబద్ధపు అంకెలు బాగా తగ్గాయి, ఫ్యాక్టరీలు వదిలే కాలుష్యమూ తగ్గింది. చట్టంలో పరిమితి మాత్రం అంతే ఉంది.

నీటిబొట్టు:
ఇది కావాలి నాకు. మళ్ళీ కొలిచేవాళ్ళని కూడా కొనేస్తే ఏం చేశారు?