అమ్మకి సీఆర్‌పీ 8 వచ్చింది, డిప్రెషన్‌కీ దీనికీ సంబంధం ఉందా?

మౌలాలి తమ్ముడు: అమ్మకి రెండేళ్ళుగా డిప్రెషన్. మందులు రెండుసార్లు మార్చారు, పెద్దగా తేడా లేదు. మొన్న రక్తపరీక్షలో సీఆర్‌పీ, అంటే ఒంట్లో వాపు (ఇన్‌ఫ్లమేషన్) ఉంటే పెరిగే ప్రోటీన్, 8 ఉంది. ఒంట్లో వాపుంటే మనసూ కుంగుతుందని చదివాను. ఎవరికైనా అనుభవం ఉందా? ఏ డాక్టర్‌కి చూపించాలి?

కూకట్‌పల్లి వదిన: మా ఆయనకి 2012లో హెపటైటిస్ సికి ఇంటర్‌ఫెరాన్ సూదులు వేశారు, రోగనిరోధక శక్తిని రెచ్చగొట్టే మందది. రెండో నెలకే మనిషి మారిపోయారు. కంచం ముందు కూర్చుని అన్నం కలుపుతూనే ఉండేవారు, ముద్ద నోటికి వెళ్ళేది కాదు. కోర్సు అయ్యాక తేరుకున్నారు. సంబంధం లేదని ఎవరన్నా నేను నమ్మను.

అమీర్‌పేట ల్యాబ్: 22 ఏళ్ళుగా ఇదే పని నాది. ముందు యూనిట్ చెప్పు తమ్ముడూ. లీటరుకి 8 మిల్లీగ్రాములా, డెసిలీటరుకా? డెసిలీటరుకైతే లీటరుకి 80 అన్నమాట. అప్పుడు ముందు ఇన్ఫెక్షన్ ఎక్కడుందో వెతకాలి.

దిల్‌సుఖ్‌నగర్ 72: కన్నతల్లి బాధ చెబుతుంటే యూనిట్ల గొడవేంటండీ?

అమీర్‌పేట ల్యాబ్: గొడవ కాదమ్మా. నిరుడు ఒకాయన రెండు రిపోర్టులు తెచ్చాడు. ఒకదాంట్లో 0.9, ఇంకోదాంట్లో 9. పదిరెట్లు పెరిగిందని రాత్రంతా నిద్రపోలేదట. తీరా చూస్తే రెండూ ఒకటే.

దిల్‌సుఖ్‌నగర్ 72: ప్యాకేజీల పేరుతో భయపెట్టేది మీ ల్యాబులే కదా! నాచేత ఐఎల్-6 అని వాపుకి సంబంధించిన ఇంకో పరీక్ష కూడా చేయించారు. మా సైకియాట్రిస్ట్ ఆ కాగితం తిప్పి కూడా చూడలేదు.

అమీర్‌పేట ల్యాబ్: నేను చేయించానా? అందరినీ ఒకే గాటన కట్టకండి.

సికింద్రాబాద్ పీజీ: సైకియాట్రీలో పీజీ చేస్తున్నాను. 2013లో అమెరికాలో మందులకి లొంగని డిప్రెషన్ ఉన్న 60 మందిపై ఇన్‌ఫ్లిక్సిమాబ్ అనే వాపు తగ్గించే మందు ట్రయల్ ఫలితాలు వచ్చాయి. మొత్తమ్మీద ప్లాసిబో (మందు లేని ఉత్తుత్తి డోసు) కంటే మెరుగేమీ లేదు. సీఆర్‌పీ లీటరుకి 5 మిల్లీగ్రాములు దాటినవాళ్ళలో మాత్రం కొంత గుణం కనిపించింది. అలాగని డిప్రెషన్‌కి ఆ మందు రాసెయ్యరు. ఊబకాయం, పొగతాగడం, చిగుళ్ళ జబ్బు, వీటన్నిటివల్లా సీఆర్‌పీ పెరుగుతుంది. ఉన్న మాత్రలు మాత్రం సొంతంగా ఆపించొద్దు.

నల్లకుంట అక్క: మీ అంకెలు సరే. మా చెల్లికి 19 ఏళ్ళప్పుడు ఉన్నట్టుండి అరుపులు, భయం. గాలి సోకిందని 11 రోజులు తాయెత్తులు కట్టించాం. ఆ పాపం మాదే. ఫిట్స్ వచ్చాక వెన్నులోంచి నీరు తీసి పరీక్షించారు. ఎన్‌ఎండీఏ యాంటీబాడీలు, అంటే సొంత రోగనిరోధక శక్తే మెదడు మీద దాడి చేస్తోంది! దానికి కారణమైన గడ్డ అండాశయంలో ఉంది. తీసేశారు, స్టెరాయిడ్లు ఇచ్చారు. ఇప్పుడు బీకాం చదువుతోంది.

దిల్‌సుఖ్‌నగర్ 72: అక్కా, మొదట నిద్ర పట్టకుండా పోయిందా, మాట తేడా వచ్చిందా? మా మేనకోడలు నాలుగు రోజులుగా పడుకోవట్లేదు.

నల్లకుంట అక్క: మొదట నిద్రే పట్టకుండా పోయింది. ఆగొద్దు, ఈరోజే న్యూరాలజీకి తీసుకెళ్ళండి.

మౌలాలి తమ్ముడు: లీటరుకే అన్నా, రిపోర్ట్ అడుగున చిన్న అక్షరాల్లో ఉంది. అమ్మకి నెలగా పంటి చిగురు వాచి ఉంది, ఎడమవైపు నమలట్లేదు. ఆ సంగతి డాక్టర్‌కి చెప్పనేలేదు మేము.